మతి తప్పినదనుటకు కొలత ఏది?

వెర్రి వేయి విధాలని పెద్దల మాట. ఆ వేయింటిలో ఏది వెర్రి, ఏది కాదు అని అడిగితే లోకం తడుముకోదు. చూచిన మరుక్షణమే తీర్పు చెప్పివేస్తుంది. మద్రాసులో ఒకని బుద్ధిని ఎగతాళి చేయదలచినవారు కీల్పాక్ పేరు ఎత్తుతారు. హైదరాబాదులో ఎర్రగడ్డ పేరు ఎత్తుతారు. మనోరోగుల ఆసుపత్రులు అక్కడ ఉండుటే ఆ పేటలు చేసిన నేరం. అయితే వర్తక కుటుంబాలలో ఈ మాట ఎగతాళితో ఆగదు. ఫలానా వారి ఇంట ఒకరికి మతి సరిగా లేదట అన్న వదంతి బజారులో పుట్టితే, అరువు సరుకు పంపవలసిన టోకు వర్తకుడు ఒకసారి ఆలోచిస్తాడు. ఆ ఇంటి ఆడపిల్లకు కుదిరిన సంబంధం ఏదో ఒక సాకుతో వెనుకకు మళ్ళుతుంది. దానికి జడిసి ఇంటివారు రోగిని వైద్యుని వద్దకు తీసుకుపోక మేడమీది గదిలో దాచుతారు. ఇంత ఖరీదైన మాటను తూచకుండా వాడుట తూనికలు తెలిసినవారికి తగిన పని కాదు.

మనస్తత్వ శాస్త్రజ్ఞులు దీనిని ‘అపసామాన్య ప్రవర్తన’ అంటారు. సామాన్యం నుండి తొలగిన నడత అని అర్థం. మరి ఆ సామాన్యం ఏది అన్నచోటనే చిక్కంతా ఉన్నది. వంద సంవత్సరాలకు పైగా వాదించుకొని కూడ ఆ శాస్త్రజ్ఞులు అందరికీ ఒప్పుదలైన ఒక్క నిర్వచనం ఇవ్వలేకపోయారు. కొన్ని కొలతలు మాత్రం చేసి పెట్టారు. వాటిలో ఏ ఒక్కటీ ఒంటరిగా నిలువదని ఒప్పుకొన్నవారు కూడ వారే. అది వారి నిజాయతీ.

అందరికంటె ముందు పుట్టినది లెక్క. పలువురిలో ఉన్నది సామాన్యం, కొందరిలోనే ఉన్నది అపసామాన్యం. తెలివిని కొలిచే పరీక్షలలో ఈ పద్ధతి నేటికీ నడుస్తున్నది. సగటును 100గా పెట్టి, 70కి దిగువ నిలిచిన వారిని వేరుగా గుర్తిస్తారు. వీరు నూటికి సుమారు ఇద్దరు. (ఈనాడు ఆ అంకె ఒక్కటే చాలదు, తన పనులు తాను చేసుకోగలడా అన్నది కూడ చూడాలి.) అయితే 130కి ఎగువ నిలిచేవారు కూడ నూటికి ఇద్దరే. వారిని ఎవరూ ఆసుపత్రికి పంపరు. పూలదండ వేసి సన్మానిస్తారు. 2011 జనాభా లెక్కలలో భారతదేశంలోని జైనులు 44 లక్షల 51 వేలు, అనగా నూటికి 0.37. అరుదైనదంతా రోగమే అయితే సూర్యాస్తమయానికి ముందే భోజనం ముగించే ప్రతి ఇల్లూ ఆ పట్టీలో చేరవలసి ఉంటుంది. వేలూరుకు సమీపాన వళ్ళిమలై కొండరాతిలో సుమారు పదకొండు వందల సంవత్సరాలుగా కూర్చున్న తీర్థంకరులూ చేరవలసినదే. ఇక రెండవ వైపు చూస్తే, ఊరంతా పళ్ళు పుచ్చిపోతే పుచ్చిన పన్ను ఆరోగ్యానికి గుర్తు అవుతుందా? లెక్క అరుదైనదానిని చూపగలదు గాని చెడినదానిని చూపలేదు.

లెక్క చాలదని తెలిసిన పిదప సంఘం ఆమోదాన్ని కొలతగా పట్టుకొన్నారు. నలుగురూ ఒప్పిన నడత సామాన్యం, ఒప్పనిది అపసామాన్యం. ఇందులో కొంత నిజం లేకపోలేదు. గుడియాత్తంలో ఏటా వైకాశి నెల మొదట, అనగా మే నెల నడుమ, గంగమ్మ సిరసు ఉత్సవం జరుగుతుంది. అమ్మవారి శిరస్సును ఊరేగించి గోపాలపురం ఆలయంలో మొండేనికి అమర్చుతారు. ఇట్టి ఉత్సవాలలో ఏ నేతగాని భార్యకో, ఏ బండివానికో పూనకం వచ్చి ఊగితే చూచినవారు చేతులు జోడిస్తారే గాని వైద్యుని పిలువరు. తిరుపతి గంగమ్మ జాతరలో మగవారు స్త్రీ వేషం కట్టి వీధులు తిరుగుతారు. ఒకనాటి వేషానికి బూతులు తిట్టుట కూడ మొక్కులో భాగమే. అదే మనిషి అదే వేషంతో, అవే తిట్లతో, దీపావళినాడు చోపడా పూజకు అంగడికి వస్తే ఇంటివారు భయపడుట సహజం. చేసిన పని ఒకటే. స్థలం, కాలం, అర్థం మారినవి.

ఈ భేదాన్ని శాస్త్రం కూడ ఇప్పుడు ఒప్పుకొన్నది. 2022 జనవరి నుండి అమలులోకి వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ రోగ వర్గీకరణ పదకొండవ కూర్పులో పూనకాన్ని రోగంగా ఎంచుటకు షరతులు ఉన్నాయి. అది ఆ మనిషి కోరకుండ రావాలి. అతని మతాచారంలో, సంఘాచారంలో అంగీకరింపబడినదై ఉండరాదు. దానివలన అతనికి గొప్ప బాధయో, బ్రతుకు పనులకు ఆటంకమో కలగాలి. ఉత్సవం ముగిసి ఇంటికి వెళ్ళి వంట చేసుకొనే స్త్రీకి రోగం లేదు. ఉత్సవం లేని రోజున, తాను వద్దనుకొన్నా, మాటిమాటికీ అట్లు ఊగి భయపడిపోయే స్త్రీకి సహాయం కావాలి.

అయితే సంఘం చేతికి కొలబద్ద పూర్తిగా ఇచ్చివేయుట ఎంత ప్రమాదమో చరిత్ర చూపింది. 1851లో అమెరికాలో సామ్యూల్ కార్ట్‌రైట్ అనే వైద్యుడు, యజమానుల వద్దనుండి పారిపోవాలనే నీగ్రో బానిసల కోరిక ఒక మనోవ్యాధి అని వ్రాసి దానికి గ్రీకు పేరు కూడ పెట్టాడు. స్వేచ్ఛను కోరుట రోగమైనది, మనుషులను కొని అమ్ముట ఆరోగ్యమైనది! అమెరికా మానసిక వైద్యుల సంఘం స్వలింగ ప్రేమను 1973లో గాని తన రోగాల పట్టీ నుండి తీసివేయలేదు. భారతదేశంలో 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఈ ద్వారాన్ని మూసింది. తన సంఘంలో నడిచే నైతిక, సామాజిక విలువలకో మత విశ్వాసాలకో ఒకడు ఒదగకపోవుట అతనికి మనోవ్యాధి ఉన్నదనుటకు ఆధారం కారాదని ఆ చట్టం మూడవ సెక్షను చెప్పుతున్నది.

ఈ సెక్షను గురించి ఇళ్ళలో తెలియవలసిన అవసరం న్యాయస్థానాలలో కంటె ఎక్కువ. తండ్రి అంగడిలో కూర్చోనని సంగీతం నేర్చుకొనే కొడుకు, తెచ్చిన సంబంధాలన్నీ వద్దనే కూతురు, ఇరవై ఏండ్లకే దీక్ష తీసుకొంటాననే తమ్ముడు: వీరికి మతి చలించిందని బంధువులు గుసగుసలాడుట కొత్త కాదు. వీరి నిర్ణయం తప్పు కావచ్చును, తొందరపాటు కావచ్చును. తప్పు వేరు, రోగం వేరు. మాట వినని వానిని రోగి అనుట పెద్దలకు సులభమైన మార్గం. వాదించి ఒప్పించుట కష్టమైన మార్గం.

కనుక శాస్త్రజ్ఞులు చూపును వెలుపలి నుండి లోపలికి త్రిప్పారు. ఆ నడత వలన ఆ మనిషి బాధపడుతున్నాడా? అతని నిద్ర, తిండి, పని, సంసారం చెడుతున్నాయా? ఈ రెండు ప్రశ్నలు నేటి మానసిక వైద్యానికి రెండు కళ్ళవంటివి.

రాత్రి అంగడి మూసి తాళం లాగి చూచుట ఏ వర్తకుడైనా చేసే పని. తాకట్టు నగలున్న బీరువా అయితే రెండుసార్లు చూడడం జాగ్రత్త. ఇంటిదాకా వచ్చి, తాళం వేసినట్లు తనకు తెలిసి ఉండి కూడ, మనసు ఊరుకోక తిరిగి వెళ్ళి చూచి, మరల వచ్చి మరల వెళ్ళి, చివరకు బంధువుల ఇంటి పెండ్లికి రైలు తప్పిపోయిన మనిషిది జాగ్రత్త కాదు. దానిని లోకం చాదస్తం అని నవ్వుతుంది. వైద్యులు ఓసీడీ అంటారు. ఆ మనిషి నవ్వడు. తన పని అర్థరహితమని అతనికి తెలుసు, ఆపుకోలేడు, అదే అతని నరకం. చికిత్సతో చాలామందికి ఈ బాధ తగ్గుతుంది. కాని చాదస్తమని పేరు పెట్టిన ఇంటిలో అతడు చికిత్సకు పోవడానికి ఏండ్లు పడుతుంది.

ఇంతకంటె కనబడని బాధ మరొకటి ఉన్నది. చిట్టా ఆవర్జాలు తప్పులేకుండ వ్రాసే గుమాస్తా, వేళకు గుడికి పోయే గృహిణి, పరీక్షలో మొదటి తరగతి తెచ్చుకొన్న విద్యార్థి: వీరిలో ఎవరైనా తెల్లవారుజామున మూడు గంటలకే మేలుకొని, బ్రతుకు బరువై, ఎవరికీ చెప్పలేక ఉండవచ్చును. లెక్క వారిని పట్టదు, సంఘం వారిని మెచ్చుకొంటుంది. నిమ్హాన్స్ వారు 2015-16లో జరిపిన జాతీయ సర్వేలో పెద్దవారిలో నూటికి 10.6 మందికి ఏదో ఒక మానసిక వ్యాధి ఉన్నట్లు తేలింది. వ్యాధిని బట్టి నూటికి 70 నుండి 92 మంది వరకు చికిత్స అందనివారే. వెర్రి అన్న పేరు పడినవారు వీధిలో పది మంది కనబడితే, పేరు పడనివారు ఇళ్ళలో ఎందరో ఉన్నారని దీని భావం.

వర్తకులకు బాగా తెలిసిన ఒక చట్టం ఈ విషయంలో శాస్త్రజ్ఞులకంటె ముందే మంచి దారి త్రొక్కింది. 1872 కాంట్రాక్టు చట్టం పన్నెండవ సెక్షను ప్రకారం, ఒప్పందం చేసుకొనే వేళ దానిని అర్థం చేసుకొని, తన మేలుకీళ్ళపై దాని ఫలితం ఏమిటో వివేకంతో నిర్ణయించుకోగలవాడు స్వస్థచిత్తుడు. సాధారణంగా మతి స్థిమితం లేనివాడైనా స్థిమితం కలిగిన వేళ ఒప్పందం చేయవచ్చును. సాధారణంగా స్థిమితం ఉన్నవాడైనా జ్వరంలో సంధి పలుకులు పలుకుతున్నప్పుడు, ఒళ్ళు తెలియని మైకంలో ఉన్నప్పుడు చేసినది చెల్లదు. మనిషికి జన్మాంతం అంటుకొనే ముద్ర ఇందులో లేదు. ఈ క్షణాన, ఈ పనిలో, ఇతని వివేకం పనిచేస్తున్నదా అన్నదొక్కటే విచారణ. ఒకసారి ఆసుపత్రికి వెళ్ళివచ్చిన అన్నదమ్ముని వాటా కాగితాల విషయంలో బ్రతుకంతా చిన్నపిల్లవానివలె చూచేవారు ఈ సెక్షను చదువుట మంచిది.

బాధ ఉంటేనే రోగం అన్నా చిక్కు తీరదు. మేనియా అనే ఉద్రేక స్థితిలో ఉన్నవానికి బాధ ఉండదు. అంత ఆనందం అతడు ఎన్నడూ ఎరుగడు. రెండు గంటలు నిద్రపోతే చాలునంటాడు. నగను ఒరగల్లు మీద గీయకుండ, త్రాసులో పెట్టకుండ అడిగినంత అప్పు ఇచ్చివేస్తాడు. మూడు ఊళ్ళలో మూడు కొత్త అంగళ్ళకు అడ్వాన్సులు ఇస్తాడు. పిచ్చి కుదిరింది, రోకలి తలకు చుట్టండి అన్న సామెతలోని వానివలె, తనంతటి స్వస్థుడు లేడని వాదిస్తాడు. ఇట్టి స్థితి వారం రోజులు నిలిస్తే వైద్యులు మేనియా అని అనుమానిస్తారు. కాని వ్యాపారంలో సాహసించే వర్తకుడు కూడ పైకి ఇట్లే కనబడడా? అతనిని, ఇతనిని వేరుచేసేది ఏమిటి?

అతనికి అతడే కొలత. పుట్టినప్పటి నుండి దుడుకువాడు దుడుకుగా ఉంటే అది స్వభావం. పైసా పైసా లెక్కించే మనిషి పది రోజులలో దుడుకువాడైతే ఏదో జరిగింది. గలగలలాడే మనిషి మూగవోయినా అంతే. ఈ మార్పును వైద్యుడు గదిలో కూర్చుని కనిపెట్టలేడు, ఆ మనిషి మునుపటి రూపు అతనికి తెలియదు గనుక. తెలిసినవారు ఇంటివారే.

వేలూరులో ఈ సత్యం మీదనే ఒక సంస్థ నిలిచింది. క్రిస్టియన్ మెడికల్ కాలేజీ వారి మానసిక ఆరోగ్య కేంద్రం 1957లో బాగాయంలో ఏర్పడింది. దానిని నెలకొల్పినవారు డాక్టర్ ఫ్లోరెన్స్ నికోల్స్ అనే కెనడా దేశపు వైద్యురాలు. ఆనాడు మనోరోగుల ఆసుపత్రి అంటే ఎత్తయిన గోడలు, ఇనుప తలుపులు. రోగిని అప్పగించి బంధువులు వెళ్ళిపోయేవారు, కొందరు తిరిగి రానేలేదు. బాగాయంలో రోగితో కూడ కుటుంబంలో ఒకరు ఉండి తీరాలన్నారు. అదే కాలంలో అమృతసర్‌లో డాక్టర్ విద్యాసాగర్ రోగుల బంధువులను ఆసుపత్రి ఆవరణలో డేరాలు వేసి ఉంచారు. తోడుగా ఉన్న తల్లియో, భర్తయో రోగాన్ని అర్థం చేసుకొంటారు. రోగి తిరిగి వచ్చినప్పుడు ఇల్లు అతనికి పరాయిది కాదు.

ఇంతవరకు వచ్చిన విచారం జైన కుటుంబాలలో ఒక సున్నితమైన చోటికి చేరుతుంది. వ్రతానికి, వ్యాధికి నడుమ గీత ఎక్కడ? మునులు కేశలోచనం చేసుకొంటారు. జుట్టు పీకుకొనుట ఒక వ్యాధిగా కూడ వైద్య గ్రంథాలలో ఉన్నది. ఉపవాసం తపస్సు, తిండి మానుట వ్యాధి లక్షణం. చూపుకు రెండూ ఒకటే. ముని తానెంచుకొన్న దినాన, శాంతంగా, గురువుల అనుమతితో చేస్తాడు. వ్యాధిగ్రస్తురాలైన పిల్ల వద్దనుకొంటూ, సిగ్గుపడుతూ, ఆపుకోలేక చేస్తుంది, బోడిమచ్చలను పైటకొంగుతో కప్పుకొంటుంది. మొదటిది ఇచ్ఛకు లోబడినది, రెండవది ఇచ్ఛను లోబరచుకొన్నది.

ఈ గీత న్యాయస్థానం వరకు కూడ పోయింది. శ్వేతాంబరులు సంథారా అనే సల్లేఖన వ్రతం ఆత్మహత్యతో సమానమని రాజస్థాన్ హైకోర్టు 2015 ఆగస్టు 10న తీర్పు చెప్పింది; ఆ నెల 31న సుప్రీంకోర్టు ఆ తీర్పును నిలిపివేసింది. దేశమంతటా జైనులు ఊరేగింపులు చేశారు. ఆ ఆవేశంలో ఒక విషయం మరుగున పడింది. ఈ భేదాన్ని అందరికంటె ముందు, అందరికంటె నిక్కచ్చిగా విచారించినవారు జైనాచార్యులే. ఎడతెగని ఉపద్రవం, కరువు, ముదిమి, చికిత్సకు లొంగని వ్యాధి వచ్చినప్పుడే సల్లేఖన అని సమంతభద్రాచార్యులు రత్నకరండ శ్రావకాచారంలో షరతు పెట్టారు. తత్త్వార్థసూత్రం ఆ వ్రతానికి ఐదు అతిచారాలు చెప్పుతూ, బ్రతకాలనే ఆశతో పాటు మరణాశంసను, అనగా చావాలనే కోరికను కూడ దోషంగా లెక్కించింది.

ఇప్పుడు ఒక ఇంటిని ఊహించవచ్చును. భర్త పోయిన ఆరు నెలలకు ముసలితల్లి తిండి తగ్గించింది. రాత్రి నిద్ర లేదు. నేను పాపిష్టిదానను, మీకు బరువైనాను, నన్ను త్వరగా తీసుకుపొమ్మని దేవుని అడుగుతున్నాను అంటుంది. ఆమె సంథారా తీసుకొన్నదని, గొప్ప పుణ్యాత్మురాలని వీధిలో ప్రచారమవుతుంది. దర్శనానికి జనం వస్తారు. ఆ ఇంటికి కీర్తి. కాని ఆమె పలుకుతున్నది మరణాశంస. వైద్యుని లెక్కలో అవి రెండు వారాలకు మించి నిలిచిన డిప్రెషన్ లక్షణాలు. మందులతో, మాటలతో చాలావరకు తగ్గగల వ్యాధి. ఆచార్యుని లెక్కలో అది వ్రతమే కాదు. రెండు శాస్త్రాలు ఒక్క మాటే చెప్పుతున్నప్పుడు ఆ తల్లికి వైద్యుని చూపించకపోవుట ఇంటివారి పాపం. దీనికి ఎదురుగా, తెలివి చెదరకుండ, ఎవరిమీదా అలక లేకుండ, అందరినీ క్షమాపణ అడిగి, నయం కాని వ్యాధిలో వ్రతం పట్టిన వృద్ధుని మతి తప్పినవాడనుట కూడ అంతే తప్పు. అన్ని దృష్టులూ పాక్షికమే, ఇదంతా అనేకాంతం అని తప్పుకొనుట సులభం. ఆ తల్లి విషయంలో మాత్రం ఈ సాయంకాలమే ఒక నిర్ణయం చేయాలి.

బాధ ఉన్నచోటనెల్లా వ్యాధి ఉన్నదనుట కూడ సరికాదని వేలూరు పరిసరాలే చూపాయి. కణియంబాడి బ్లాకులో ఆత్మహత్య చేసుకొన్న 100 మంది గురించి వారి ఇంటివారిని విచారించిన అధ్యయనం ఒకటి 2010లో వెలువడింది. వారిలో 37 మందికే మనోవ్యాధి ఉన్నట్లు తేలింది. పాశ్చాత్య దేశాల అధ్యయనాలలో ఈ సంఖ్య తరచు తొంబై దరిదాపులలో ఉంటుంది. తక్కినవారిని కుంగదీసినవి ఎడతెగని కష్టాలు, తీరని శారీరక నొప్పి, ఒంటరితనం వంటివి. వారికి రోగం పేరు పెట్టితే ఏమి మిగులుతుంది? వాకిట నిలిచిన అప్పులవాడు, పలకరించేవారు లేని సాయంకాలం అట్లే మిగులుతాయి. తాకట్టు వ్యాపారం చేసేవారికి ఈ వాక్యం ఇబ్బందిగా ఉండవచ్చును, ఉండుట మంచిదే. అమెరికా వారి రోగ నిర్ణయ గ్రంథం ఐదవ కూర్పు కూడ, 2013లో, ఆప్తుల మరణంవంటి నష్టానికి సహజంగా కలిగే దుఃఖం మనోవ్యాధి కాదని తన నిర్వచనంలోనే వ్రాసుకొన్నది. రోగమైనా, కష్టమైనా, చావు తలపు వచ్చినవారిని ఒంటరిగా విడువరాదు. 2022లో ప్రారంభమైన టెలిమానస్ సేవకు 14416 నెంబరులో ఏ వేళనైనా మాట్లాడవచ్చును.

ప్రమాదం అనే కొలతను గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. మనోరోగి అంటే కత్తి పట్టినవాడనే భయం సినిమాలు పెంచినది. రోగులలో అత్యధికులు ఎవరికీ హాని చేయరు. వారికే హాని జరుగుతుంది. 2001 ఆగస్టు 6న రామనాథపురం జిల్లా ఏర్వాడిలో ఒక తాటాకు పాకకు నిప్పంటుకొన్నది. లోపల రోగులు గొలుసులతో కట్టివేయబడి ఉన్నారు. 28 మంది కాలిపోయారు. వారిని అక్కడికి తెచ్చి విడిచినవారు వారి బంధువులే. 2017 చట్టం మనోరోగిని ఏ విధంగానూ గొలుసులతో బంధించరాదని శాసించింది. మేడమీది గదికి వేసిన తాళాన్ని గురించి ఆ చట్టంలో పేరు పెట్టి చెప్పలేదు గాని, దాని అర్థం ఇంటివారికి తెలుసు.

గుడియాత్తం నుండి బాగాయానికి బస్సులో ఒక పూట ప్రయాణం కూడ కాదు. వెళ్ళేవారు నగలు, జాతకం తీసుకుపోనక్కరలేదు. ఒక కాగితం మీద ఇంటివారు నాలుగు విషయాలు వ్రాసుకొని పోతే వైద్యునికి సగం పని తగ్గుతుంది: మార్పు ఏ తేదీన మొదట కనబడినది, రాత్రి ఎన్ని గంటలు నిద్రపోతున్నాడు, తిండి ఎంత తింటున్నాడు, మునుపు చేయగలిగి ఇప్పుడు చేయలేని పని ఏది. రోజువారీ రోకడి వ్రాసే చేతులకు ఇది కొత్త విద్య కాదు.